చుక్క కారని ఇంజను

విమానం వచ్చి ఆగిందంటే చాలు, ఇరవై నిమిషాలు దాటకముందే అందరూ ఆయిల్ బాబాయ్ అని పిలిచే పాత మెకానిక్ ఇంజను కింద ఉంటాడు. ఆలస్యమైతే ట్యాంకులోని ఆయిల్ ఇంజను లోపలికి దిగిపోయి కొలత తప్పుతుందని ఆయన బెంగ. ఎంత తగ్గిందో, ఎంత పోశాడో అక్కడే నిలబడి, మోకాలి మీద పుస్తకం ఆనించి రాస్తాడు. కొత్తగా చేరిన మెకానిక్ అమ్మాయి ఒకరోజు అడిగింది. "రెండూ ఒకే రకం ఇంజన్లు కదా బాబాయ్, ఎడమదే ఇంత తాగుతుందేం? కింద చుక్కయినా కారలేదు."

"దీని లోపల ఆయిల్‌ను ఆపే సీళ్లు ఎక్కువ అరిగాయమ్మా. ఆయిల్ ఆవిరిలా గాలిలో కలిసిపోతుంది. కింద వెతికితే ఏం కనబడుతుంది? రోజూ రాసుకుంటూ పోతేనే తెలిసేది," అంటూ ఆయన చేతులు తుడుచుకోవడానికి పనిముట్ల పెట్టె తెరిచాడు. మూత లోపలివైపు ఒక ఆడవాళ్ల ఉంగరం కట్టి ఉంది. దాని చుట్టూ రంగురంగుల దారం, నాలుగు వరసలు. అమ్మాయి చూపు అక్కడ ఆగడం ఆయన గమనించాడు. "మీ పిన్నిది. పోయి ఏడాదైంది. వేలికి వదులవుతోందని దారం చుట్టుకునేది. మళ్లీ వదులైతే మళ్లీ చుట్టుకునేది. ఒంట్లో ఎలా ఉందంటే నవ్వేసేది." గుడ్డ మడిచి పెట్టెలో పెట్టాడు. "ఆ పై వరస నేనే చుట్టానమ్మా. జారిపోకుండా, గట్టిగా."