పేడముద్దతో నేర్చిన గురి

మా కాలంలో ఆడపిల్ల చెయ్యి గిర్రున తిరగాలంటే రుబ్బురోలు దగ్గరే తిరగాలి. గాలిలో తిరిగిందంటే దయ్యం పట్టిందనేవాళ్ళు. నాకు పట్టింది దయ్యం కాదు, సాఫ్ట్‌బాల్. (నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకొచ్చిన అక్షరాలు సంతకానికే సరిపోతాయి. "పేడ సంగతి కూడా రాయాలా అత్తా?" అంటోంది. రాయమ్మా, అది తీసేస్తే ఇందులో ఇంకేం మిగులుతుంది?)

అప్పట్లో మేము మా ఊరు వదిలొచ్చి, బెంగాలీవాళ్ళ మధ్య భవానీపూర్‌లో కార్పొరేషన్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్నది రోడ్లు ఊడ్చే పని. నేను బడికి చదువు కోసం వెళ్ళానంటే అబద్ధం, ఆటల పీరియడ్ కోసమే వెళ్ళేదాన్ని. మా డ్రిల్ దీదీ, అంటే ఆటలు నేర్పే బెంగాలీ టీచరమ్మ, ఆడపిల్లలతో సాఫ్ట్‌బాల్ జట్టు కట్టింది. అందులో బంతి విసిరే పిల్లని పిచర్ అంటారు. చేతిని భుజం నుంచి గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, తొడ పక్కనుంచి బంతి వదలాలి. అది బ్యాటు పట్టుకున్న పిల్ల మోకాలికీ రొమ్ముకీ మధ్య ఎత్తులో పోవాలి. నాలుగుసార్లు గురి తప్పితే ఆ పిల్ల బంతి కొట్టకుండానే దర్జాగా నడుచుకుంటూ ముందుకు పోతుంది. వీధి పంపు కొట్టీ కొట్టీ నా చేతికి బలమైతే వచ్చింది కానీ, బంతి మాత్రం నా మాట వినేది కాదు. ఒకసారి దీదీ గొడుగుకి తగిలింది, ఇంకోసారి గోడ దాటి టీ కొట్టులో పడింది. దీదీ తల పట్టుకుంది. "జోర్ ఆఛే, టిప్ నేయ్!" బలం ఉంది, గురే లేదు అని. మైదాన్‌లో పోటీ దగ్గర పడింది. అప్పటికి గురి కుదరకపోతే నా బదులు మిఠాయి కొట్టువాళ్ళమ్మాయి విసురుతుంది అనేసింది దీదీ. నాకు అన్నం సయించలేదు. ఆ అమ్మాయి బంతి ఎంత మెల్లగా పోయేదంటే, దారిలో దానిమీద కాకి వాలొచ్చు.

బంతి బడిది, ఇంటికివ్వరు. ఇంట్లో ఉన్నదల్లా మా అమ్మమ్మ, ఆవిడ పేడ. పక్క సందులో గేదెల కొట్టం ఉండేది. అమ్మమ్మ అక్కడి పేడ తెచ్చి, పొట్టు కలిపి, క్వార్టర్ల వెనక గోడకి పిడకలు కొట్టేది. ఒకరోజు ఆ పని నాకు అప్పజెప్పి, తను అడ్డచుట్ట ముట్టించి (నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునే చుట్ట, మా వైపు ముసలమ్మలకి అలవాటే) ఎండలో కూర్చుంది. చూస్తే నా చేతిలో పేడముద్ద సరిగ్గా బంతంత ఉంది! బొగ్గుతో గోడమీద చదరం గీశాను. దూరంగా పోయి, చెయ్యి తిప్పి వదిలాను. తప్! బంతైతే తగిలి ఎటో దొర్లిపోతుంది. పేడ తగిలిన చోటే ఉండి నా తప్పు నాకే చూపిస్తుంది. అంతకన్నా మంచి మాస్టారు ఎవరు?

"ఓలమ్మో! ఇదేటే గుంటా, గోడకి అమ్మోరు పోసినట్టుంది?"

"గురి నేర్సుకుంతన్నానే అమ్మమ్మా."

"దగ్గిరికెల్లి కొట్టవే. గోడేటి కరుస్తాదా?"

"దూరం నుండే కొట్టాల."

"ఇది పిడకేటే, అప్పడం! పొయ్యిలో ఎడితే గలాసుడు నీల్లు కూడా కాగవు!"

చివరికి ఒప్పందం కుదిరింది. చదరంలో పడినవాటిని అమ్మమ్మ అరచేత్తో సరిచేస్తుంది. బయట పడితే గోడ నేనే కడగాలి. గోడ కడగడమంటే నాకు మహా బద్ధకం. ఆ బద్ధకమే నాకు గురి నేర్పింది.

పోటీ రోజు దీదీ బంతి నా చేతికే ఇచ్చింది. నేను చుట్టూ బకెట్ కోసం వెతికాను. పేడ వేళ్ళకి అతుక్కోకుండా ప్రతి ముద్దకీ ముందు చెయ్యి నీళ్ళలో ముంచడం అలవాటైపోయింది మరి! బకెట్ లేదు, తాగే నీళ్ళ కుండ ఉంది. అందులో చెయ్యి ముంచి వచ్చాను. అంపైర్ దాదా (వాళ్ళ భాషలో దాదా అంటే అన్న) పరిగెత్తుకొచ్చాడు. "ఎయ్ మేయే! భేజా హాత్ చొల్‌బే నా!" తడిచేత్తో విసరకూడదట. స్కర్టుకి తుడుచుకుని విసిరాను. పొడిచేతిలోంచి మొదటి బంతి ఆకాశంలోకి, రెండోది మట్టిలోకి, మూడోది అంపైర్ దాదా వైపు పోయాయి. మిఠాయి కొట్టువాళ్ళమ్మాయి లేచి చేతులు విదిలించుకుంటోంది. నేను బంతిని స్కర్టుకి రుద్దుతూ నిలబడిపోయాను. అప్పుడు తాడు అవతల, ఆట చూడ్డానికొచ్చిన జనంలోంచి అమ్మమ్మ అరిచింది.

"బయపడతావేటే? నువ్వంటే బయమేసే కదే అది కర్రట్టుకుని నిలబడింది! ఎయ్యే!"

అక్కడ ఆ మాట అర్థమైంది నాకొక్కదానికే. నవ్వాగలేదు. నవ్వుతూనే వదిలాను. బంతి, బ్యాటు వెనక కూర్చునే క్యాచర్ పిల్ల గ్లవ్‌లో తప్పుమని పడింది. తర్వాతి రెండూ అక్కడే పడ్డాయి. మూడూ కొట్టలేక కర్ర పిల్ల అవుట్!

ఆట మేము ఓడిపోయాం. (విసిరాను సరే, కొట్టడం మా జట్టులో ఎవరికీ రాదు పాపం.) అయినా చివరిదాకా బంతి నా చేతిలోనే ఉంది. దీదీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది, వాసనకి వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది. "వచ్చే ఆటకీ నువ్వే" అంది.

పెళ్ళయిన కొత్తలో మా ఆయనకి చెయ్యి తిప్పి చూపిస్తే, వెనక్కి జరిగి మరీ చప్పట్లు కొట్టాడు. ఆయన పోయాక ఆ ముచ్చట అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు న్యూ టౌన్‌లో కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్నాను. మొన్న ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి ఒక చుట్టు తిప్పబోయాను. సగంలో భుజం పట్టేసింది. మిగతా సగం ఆ పేడచేతుల పిల్ల తిప్పేసుకుని పోయినట్టే అనిపించింది. పోనీలే, దాని చెయ్యైనా తిరుగుతోంది అనుకుని, కుర్చీ పట్టుకుని నవ్వుకున్నాను.