ఖాళీ పొయ్యి మీద మంట

నేను తొమ్మిదో క్లాసులోనే బడి మానేశాను. తప్పు నాది కాదు, లెక్కల మాస్టారిదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి.

జర్మనీలో, కార్ల్స్‌రూహెలో నేను దోసెలు పోసే హోటల్లో ఒక ఇరాకీ చాచా గిన్నెలు కడిగేవాడు. అంతకుముందు బస్రాలో చమురు బావుల దగ్గర ఇంజనీరు. గిన్నె లేని పొయ్యి మీద మంట కనిపిస్తే చాలు, తడిచేత్తోనే పరిగెత్తుకొచ్చి కట్టేసేవాడు. ఇప్పుడాయన కూతురి దగ్గరికి బెర్లిన్ వెళ్లిపోయాడు. ఆ జబ్బు మాత్రం నాకు అంటించిపోయాడు.

"ఓనరుకి లేని బాధ నీకెందుకు చాచా?" అన్నానోసారి, వచ్చీరాని జర్మన్‌లో.

"మా బావుల దగ్గర చమురుతో పాటు పైకొచ్చే గ్యాసుని ఊరికే మండించేవాళ్లం. ఇంట్లో కరెంటు ఉండేది కాదు. నా కూతురు కిటికీలోంచి పడే ఆ మంటల వెలుగులోనే చదువుకుంది."

"అంత చమురుండీ అదేం గతి? తప్పు మీ నాయకులదా, బయటి దేశాలదా?"

"ఇద్దరిదీ. కానీ మండించమన్న కాగితం మీద రోజూ సంతకం పెట్టింది నేను. ఎందుకని ఒక్కరోజూ అడగలేదు."

ఆయన ముఖం చూడలేకపోయాను. "ఊరుకో చాచా, పైవాళ్లు పెట్టమన్నారు, పెట్టావు."

చాచా చేతులు తుడుచుకుని నా భుజం తట్టాడు.

"మా దేశంలో కూడా అందరికీ ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు, హబీబీ."