దాపలవైపు సీటు

బొబ్బిలికి కోసెడు దూరంలో ఒక ఊరు. అక్కడ దాలయ్యకి ఒక ఎద్దు, అతని భార్య గున్నమ్మకి అన్న అయిన సోములుకి ఒక ఎద్దు ఉండేవి. ఒంటెద్దుతో బండి కదలదు గనక ఇద్దరూ ఎద్దుకి ఎద్దు కలిపి ఒకే కాడికి కట్టారు. దాలయ్యది వలపటెద్దు. సోములుది దాపటెద్దు, అంటే ఎడమవైపుది. జత కట్టిన రోజున సంతలో పదిమంది ఎదట, ఎవరి ఎద్దు ఏ వైపునుంటే ఆ మనిషి ఆ వైపున నిలబడి, ఒకే కండువాకి చెరో కొసా పట్టుకున్నారు. ఒంటెద్దు రైతులకి అంతకు మించిన దస్తావేజు లేదు. ఆ బండి మీదే ఉప్పూ, ఎండుచేపలూ ఒరిస్సా ఘాటీ కొండదారి ఎక్కించి, చింతపండూ పసుపూ దింపుకొచ్చి ఏళ్ళతరబడి బతికారు.

ఘాటీలో లారీలు పెరిగేసరికి బండి బాడుగలు పడిపోయాయి. పందొమ్మిదొందల అరవయ్యేడులో, వానల ముందు ఇద్దరూ ఎద్దుల్ని అమ్మి, చెరో చెక్క మెట్టభూమి తాకట్టు పెట్టి, ఒక పాత లారీ కొన్నారు. దాలయ్య డ్రైవింగు నేర్చుకున్నాడు. ఇక కావలసింది పర్మిట్. ఆంధ్రలో తిరగడానికి ఇక్కడి పర్మిట్ ఉండాలి, దాని మీద ఒరిస్సా వాళ్ళ సంతకమూ పడాలి. అది లేకపోతే లారీ సరిహద్దు దాటదు, తాకట్టు భూమి తిరిగి రాదు.

ప్లీడరు నరసింగరావు ముందే హెచ్చరించాడు. "లారీ నీ పేరున ఉంది, దరఖాస్తూ నీ పేరునే. మధ్యలో భాగస్తుడు తేలాడంటే మళ్ళీ మొదటికొస్తాం. ఆ రూట్లో తిరుగుతున్న లారీ కంపెనీ వాళ్ళు అభ్యంతరం పెట్టారు, కాచుకుని ఉన్నారు. సోములుని చుట్టమని చెప్పు, తప్పులేదు. భాగస్తుడని మాత్రం అనకు."

సోములు ఈ మాటకి నొచ్చుకోలేదు. "పేరుదేటున్నాది బావా? నీ పేరే ఎట్టీ. నాను పక్కనుంతాను గదా" అన్నాడు.

విచారణ శ్రీకాకుళంలో. దాలయ్య కొత్త టెరిలిన్ చొక్కా తొడుక్కుని బయల్దేరుతుంటే సోములు కండువా భుజాన వేసుకుని, కొబ్బరికాయ పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏటి బావా, పెళ్ళిసూపులకి గాని ఎల్తన్నావేటి? మా సెల్లికి సెప్పీమంతావా?"

"నువ్వెందుకు బావా? పొలంలో పనున్నాది గదా."

"బలే సెప్పినావు. జత కట్టినప్పుడు ఇద్దరూ నిలబడాల. ఒక్కడివే నిలబడితే ఎవులు నమ్ముతారు?"

చీపురుపల్లిలో బస్సు మారి శ్రీకాకుళం చేరారు. కచేరీ వరండాలో సోములుని ఒక స్తంభం పక్కన కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు" అని దాలయ్య లోపలికి వెళ్ళాడు.

పెద్ద బల్ల వెనక అధికార్లు. కంపెనీ తరపు వకీలు లేచి, ఉన్న లారీలు చాలునన్నాడు. "ఈయన నిన్నటిదాకా ఎడ్లబండి తోలిన మనిషి. రెండు రాష్ట్రాల వ్యాపారం ఈయన వల్ల అవుతుందా?" అన్నాడు. గదిలో కొందరు నవ్వారు. దాలయ్య కొత్త చొక్కా కాలరు సర్దుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సోములు లోపలికొచ్చాడు. చెప్పులు బయట విడిచాడు, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఉంది. తిన్నగా నడిచొచ్చి దాలయ్యకి ఎడమవైపున నిలబడ్డాడు. కొబ్బరికాయ చంకలో ఇరికించుకుని, కండువా కొస ఒకటి బావ చేతికి చాపాడు.

ఈసారి గది అంతా నవ్వింది.

"ఎవరితను?" అని అడిగాడు పెద్ద అధికారి.

చుట్టమనమని ప్లీడరు చెప్పిన మాట నాలిక మీదే ఉంది. కాని దాలయ్య కళ్ళకి ఆ మోకాళ్ళూ, ఆ కండువా కొసా, నవ్వుతున్న వకీలూ కనబడ్డారు.

"కూలివాడండి. బస్తాలు మోస్తాడు."

"అయితే బయట ఉండమను."

సోములు చాపిన కొస వెనక్కి లాక్కున్నాడు. కండువా మడిచి భుజాన వేసుకుని, "సిత్తం బాబూ" అని అధికారికి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో అతను ఆ మాట ఎత్తలేదు. వేయించిన వేరుశనగలు కొని బావకి సగం పెట్టాడు. పెట్టకపోతే బాగుండునని దాలయ్యకి అనిపించింది.

నాలుగు రోజులయ్యాక గున్నమ్మ నిలదీసింది. "మా అన్నని ఏటన్నావు?"

"ఏటీ అన్లేదే."

"మరైతే అన్నానికి రమ్మంటే అరుగు మీదే ఎట్టీమంతన్నాడేటి? కూలోళ్ళకి ఎట్టినట్టు ఆకులో ఎట్టాల్నా?"

దాలయ్య పశువులు లేని సాలలోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా చాలాసేపు అక్కడే ఉన్నాడు. ప్లీడరు అలా చెప్పమన్నాడని తనకి తనే సర్దిచెప్పుకోబోయాడు. ప్లీడరు అలా చెప్పలేదు. ఆ మాట అనకపోయినా పర్మిట్ వచ్చేదే.

పర్మిట్ వచ్చింది. చలికాలానికి ఒరిస్సా సంతకమూ పడింది. మొదటి లోడు ఉప్పు. సోములు పొద్దున్నే వచ్చి మిగతా కూలీలతో కలిసి బస్తాలెత్తాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. దాలయ్య స్టీరింగు ముందు కూర్చుని, ఒంగి ఎడమవైపు తలుపు తెరిచాడు.

"రా బావా, కూకో."

"కూలోడు పైనే కూకుంతాడు గదా" అని సోములు టైరు మీద కాలేసి బస్తాల మీదికి ఎక్కేశాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే దాలయ్య బతిమాలుకునేవాడు.

ఘాటీ పొడుగునా పక్క సీటు ఖాళీగా ఎగురుతూనే ఉంది. ప్రతి మలుపులోనూ దాలయ్య ఒకే మాట అనుకున్నాడు. ఎవరైనా అడిగితే ఈసారి చెప్పేయాలి: మా బావ, ఈ లారీలో సగం అతనిది.

సరిహద్దు గేటు దగ్గర ఖాకీ మనిషి పర్మిట్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తలెత్తి పైకి చూశాడు.

"సరుకు బండి మీద మనుషుల్ని ఎక్కించకూడదు, తెలుసా? ఎవరతను?"

దాలయ్య నోరు తెరిచాడు. పర్మిట్ ఆ మనిషి చేతిలో ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

పైనుంచి సోములు గొంతు వినిపించింది. "కూలోన్ని బాబూ. బస్తాలు మోస్తాను."

కూలీ అయితే సరేనని ఖాకీ మనిషి పర్మిట్ తిరిగిచ్చాడు. గేటు లేచింది. దాలయ్య కాదనలేదు. గేరు మార్చి లారీని ఒరిస్సాలోకి పోనిచ్చాడు.