మా పిన్ని, మదర్‌బోర్డు పిన్నులు

మా పిన్ని కొలవనిదే ఏ వస్తువునీ గడప దాటనివ్వదు. ఫ్రిజ్ కొన్న రోజు షాపువాడు "పడుతుందమ్మా, నాదే పూచీ" అని ఎంత చెప్పినా వినలేదు. టేపు తీసి తలుపు కొలిచింది, మెట్ల మలుపు కొలిచింది, ఆఖరికి ఫ్రిజ్ మోసుకొచ్చే మనిషి భుజాల వంక కూడా అనుమానంగా చూసింది. ఆమె తప్పు కాదు. పెళ్ళికి ముందు నుంచీ ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీస్తోంది. తలుపు ఎటు తెరుచుకోవాలి, మంచం వేశాక మనిషి నడవడానికి జాగా మిగులుతుందా, ఇవే ఆమెకు పొద్దస్తమానం ఆలోచనలు.

మా బాబాయి దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. బేకరీలో కేకులు చేస్తాడు. పిండి గుప్పిటతో తీసి వేస్తాడు, తూకం ముఖం చూడడు. ఎంత వేశావని అడిగితే "సరిపడా" అంటాడు. పిన్ని ఆయనకు 'ఉజ్జాయింపు' అని పేరు పెట్టింది. వాళ్ళ పై వాటాలో ఉండే నాకు సాయంత్రం పూట వీళ్ళ కీచులాటే కాలక్షేపం. గంతకు తగ్గ బొంత అంటారు కదా, ఈ గంతకు ఈ బొంత ఎలా కుదిరిందో నాకు చాలాకాలం అంతుబట్టలేదు.

కిందటేడాది నుంచి పిన్ని కుడి చెయ్యి వణకడం మొదలైంది. ప్రాణానికి ప్రమాదమేమీ లేదు, కొందరికి వయసుతో వస్తుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. కానీ ట్రేసింగ్ కాగితానికి ఆ ధైర్యం పనికిరాదు. ఆమె గీసే గోడలు అలల్లా వంకర్లు పోసాగాయి. ఇంజనీరు మంచివాడే. "మేడమ్, కంప్యూటర్లో గీయడం మా ఆఫీసులో నేర్చుకున్నారుగా. సొంతంగా ఒకటి పెట్టుకోండి, ఇంట్లోనే గీసి పంపుదురుగాని. సోమవారం కొత్త మేడ పని మొదలవుతుంది, అది మీకే ఇస్తాను. లేదంటే..." అని అక్కడితో ఆపేశాడు. ఆ రోజు పిన్ని పైకొచ్చి నా మంచం మీద కూర్చుని, "గీత గీయకపోతే నేనెవర్నే?" అంది. ఆమె అలాంటి మాటలు మాట్లాడే రకం కాదు.

తయారుగా ఉన్న కంప్యూటరే కొనెయ్యచ్చుగా అన్నాను.

"లోపలేముందో చూడకుండానా? రంగులేసిన గోడ చూసి ఇల్లు కొన్నట్టుంటుంది" అంది. సొంతంగా కూర్చుకుంటానని పట్టుబట్టింది. పిన్ని పట్టు సంగతి తెలిసిన వాళ్ళెవరూ ఎదురు చెప్పరు.

ఇక మొదలైంది. ప్రాసెసర్ ఏది, దాన్ని కూర్చోబెట్టే మదర్‌బోర్డు ఏది, రెండిటికీ పొత్తు కుదురుతుందా. ప్రాసెసర్ కూర్చునే గూటిని సాకెట్ అంటారట, దానికో నంబరు ఉంటుందట. రెండిటి నంబర్లూ ఒకటేనని మూడు చోట్ల చూసుకుంది. బోర్డు కంపెనీ వాళ్ళ వెబ్‌సైటులో ఏయే ప్రాసెసర్లు పనిచేస్తాయో రాసి ఉంటే, అందులో తన ప్రాసెసర్ పేరు వెతికి పట్టుకుంది. ర్యామ్ గాడి సరిపోతుందా, కరెంటు పెట్టె చాలుతుందా అన్నీ చూసింది. అప్పటికీ తృప్తి లేక, బోర్డు సైజుకి అట్టముక్క కత్తిరించి కంప్యూటర్ షాపుకి తీసుకెళ్ళి, అన్నీ బిగించే క్యాబినెట్ పెట్టెలో పెట్టి చూసింది. షాపతను మొదట నవ్వాడు. తరవాత లేచి ఆమెకు కుర్చీ వేశాడు.

"ఒక్కటి గుర్తుంచుకోండమ్మా. ఇదివరకటి రకాల్లో పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉండేవి. ఇందులో మదర్‌బోర్డుకే ఉన్నాయి" అన్నాడతను.

"మంచిదే కదా నాయనా. పిన్నులు మదర్ దగ్గరే ఉండాలి. నేనూ మా అక్క దగ్గరే పెరిగాను" అంది పిన్ని. ఆ అక్క మా అమ్మ. అతనికి ఆ జోకు ఇంటికెళ్ళాక అర్థమై ఉంటుంది.

"వెంట్రుకంత సన్నగా ఉంటాయి. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే" అన్నాడు, ఆమె గుమ్మం దాటుతుంటే వెనక నుంచి.

శనివారం సెలవు పెట్టి, కొన్న సామానంతా పరిచింది. పాత డ్రాయింగ్ బల్లే మా వేదిక. బాబాయిని చెయ్యి చాస్తే అందనంత దూరంలో కూర్చోబెట్టింది. ప్రాసెసర్ని అంచులు పట్టుకుని సాకెట్ మీదకు తెచ్చింది. చెయ్యి వణికింది. వెనక్కి తీసుకుంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మళ్ళీ తెచ్చింది. ఈసారి ఇంకా ఎక్కువ వణికింది. నేను పెడతానని అందామనుకున్నాను గానీ, కూరలో ఉప్పు వేసినా ఒలకబోసే చేతులు నావి.

"ఏవండీ, మీరు పెట్టండి" అంది పిన్ని, బల్ల వంక చూస్తూనే.

బాబాయి చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. పిండి దగ్గర ఎంత ఉజ్జాయింపో గానీ, కేకు మీద క్రీముతో పేర్లు రాసేటప్పుడు ఆయన చెయ్యి అణువంత కదలదు.

"ఎంత నొక్కాలి?"

"అసలు నొక్కకూడదు. ఆ మూల చిన్న త్రికోణం ఉంది చూడండి, రెండు త్రికోణాలూ కలిపి వదిలేయాలి. అంతే."

కలిపి వదిలేశాడు. దాన్ని బిగించే మీట కిందకు దించుతుంటే కరకరమంది. ముగ్గురం కళ్ళు మూసుకున్నాం.

మిగతాదంతా పిన్ని బిగించింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, దీపం వెలిగింది. మానిటర్ మాత్రం చీకటి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది మా పని.

"పిన్నులు వంచేశారు. మీ చేతికి 'సరిపడా' నొక్కేసి ఉంటారు" అంది పిన్ని.

రోజూ మాటకు మాట అప్పజెప్పే బాబాయి, తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి పోయి, కడిగిన కప్పులే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాడు. నాకు పిన్ని మీద కోపమొచ్చింది. ఆమె ముఖం చూశాక ఆ కోపం నిలవలేదు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం పెట్టె మోసుకుని షాపుకి వెళ్ళాం. షాపతను ప్రాసెసర్ తీసి, భూతద్దం పెట్టి సాకెట్‌ని అటూ ఇటూ చూశాడు.

"పిన్నులన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఎవరు పెట్టారో గానీ మా కుర్రాళ్ళు కూడా ఇంత నేర్పుగా పెట్టరు."

బాబాయి గోడ మీది గడియారం వైపు చూశాడు. పిన్ని నేల వైపు చూసింది.

అతను బోర్డు వచ్చిన అట్టపెట్టె మీది స్టిక్కర్ చదివి నాలుక కరుచుకున్నాడు. "ఇది పాత స్టాకండీ, తప్పు నాదే, చూసుకోలేదు. బోర్డు ముందు పుట్టింది, మీ ప్రాసెసర్ తరవాత వచ్చింది. బోర్డులో బయోస్ అని చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. అది పాతదవడం వల్ల దీన్ని గుర్తుపట్టట్లేదు."

"వెబ్‌సైటులో దీని పేరుందిగా. నేను చూశాను."

"ఉంటుంది. పక్క గడిలో బయోస్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో కూడా ఉంటుంది. అది చూశారా?"

పిన్ని ఆ గడి చూడలేదు. కుర్చీలో కూలబడి, "కొలతలన్నీ కుదిరాయి కదా" అంది నెమ్మదిగా.

"కుదిరాయమ్మా. పట్టడం వేరు, పరిచయం వేరు" అని నవ్వి, తన దగ్గరున్న పాత ప్రాసెసర్ ఒకటి ఆ బోర్డులో పెట్టి, పెన్ డ్రైవ్‌తో కొత్త బయోస్ ఎక్కించాడు. కాసేపటికి పాతది తీసేసి, కొత్తది అందుకోబోయాడు.

"ఉండు నాయనా" అంది పిన్ని. "మా ఆయన పెడతారు."

బాబాయి చేతులు మళ్ళీ చొక్కాకి తుడుచుకున్నాడు, అవసరం లేకపోయినా. త్రికోణాలు కలిపి వదిలేశాడు. మీట మళ్ళీ కరకరమంది. ఈసారి పిన్ని కళ్ళు మూసుకోలేదు. తెర మీద తెల్లటి అక్షరాలు వెలిగాయి. పిన్ని బాబాయి మోచెయ్యి పట్టుకుంది, ఇంటికి వచ్చేదాకా వదల్లేదు. క్షమించమని నోటితో అనలేదు గానీ, ఆ దారంతా పెట్టె మోసింది నేనే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

సోమవారం మేడ కొలతలు వచ్చాయి. పిన్ని డ్రాయింగ్ బల్ల ముందు కూర్చుంది. మౌసు మీద చెయ్యి వణుకుతూనే ఉంది. తెర మీద గోడ మాత్రం తిన్నగా సాగింది. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఇంత సంతోషంగా ఉన్న పిన్నిని నేను ఈ మధ్య చూడలేదు.

బేకరీకి బయల్దేరుతున్న బాబాయి ఆమె భుజం మీదుగా తొంగిచూసి, "ఎంత పొడవు గీశావేంటి?" అని అడిగాడు.

"సరిపడా" అంది పిన్ని.