వెల్డా స్లోన్ మొదటి కొలత

వెల్డా స్లోన్‌కు ముప్పై తొమ్మిదేళ్లు. అందులో పదహారేళ్లు కెంటకీ కొండల మధ్య ఒక చిన్న ఆసుపత్రి ఐసీయూలోనే గడిచిపోయాయి. ఊపిరాడక గిలగిల్లాడే మనిషి చెయ్యి పట్టుకోవడం, మత్తు నర్సుకు ఫోను చేయడం, ఆవిడ వచ్చేదాకా గుమ్మం వైపు చూస్తూ నిలబడటం ఆమె పని. ఆవిడ వస్తే రెండు నిమిషాల్లో మత్తిచ్చి, గొంతులోకి గొట్టం దించి, గదంతా నెమ్మదించాక వెళ్లిపోయేది. ఒకసారి మాత్రం రావడం ఆలస్యమైంది. పోయిన ముసలాయన వేళ్ల నుంచి వెల్డా తన చెయ్యి విడిపించుకోవడానికి ఇంకొకరి సాయం కావలసి వచ్చింది. ఇక పిలిచి ఎదురుచూసే మనిషిగా బతకనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

మత్తు నర్సు చదువుకు దరఖాస్తు పెడదామంటే కెమిస్ట్రీ అడ్డొచ్చింది. ఆమె ఎప్పుడో చదివింది, మంచి మార్కులే వచ్చాయి. కానీ ఐదేళ్లు దాటిన చదువు చెల్లదట. మందు సీసాకు గడువు తేదీ ఉంటుందని తెలుసు గానీ, బుర్రలోని చదువుకూ ఉంటుందని ఆమెకు తెలియదు. మళ్లీ చదివి కనీసం బి గ్రేడు తెచ్చుకోవాలి. నాలుగేళ్ల కిందట చదివిన శరీరధర్మశాస్త్రం గడువు కూడా వచ్చే వేసవితో సరి. అంటే ఈ ఏడాది దాటితే అదీ మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఊళ్లో కాలేజీలో సాయంత్రం క్లాసుకు చేరింది. మొదటి రోజే వెళ్లలేకపోయింది. తన తర్వాత డ్యూటీకి రావలసిన నర్సు కారు దారిలో ఆగిపోయింది. పేషెంటును గాలికొదిలేసి క్లాసుకు పరిగెత్తే రకం కాదు వెల్డా. ఆ తర్వాత ఒక్క క్లాసూ పోనివ్వలేదు. జేబునిండా ఫార్ములాల చీటీలే. స్కూలు బస్సు నడిపే మొగుడు ఆర్లిస్ ఊరుకునేవాడు కాదు.

"ఆ అణువులకేనా, మాకూ ఏమన్నా వండిపెట్టేదుందా?"

"నీకూ చేతులున్నాయిగా!"

సణుగుతూనే చిక్కుడు గింజలు ఉడకేసి, మొక్కజొన్న రొట్టె కాల్చి, ఆమె పుస్తకం పక్కన పెట్టేవాడు.

డిసెంబరులో ల్యాబు పరీక్ష. తెలియని ఆమ్లం ఫ్లాస్కులో ఉంటుంది, పైన బ్యూరెట్టు అనే గీతల గాజు గొట్టంలోంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబీ రంగుకు తిరగగానే ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు పోసిందీ రాయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. పక్క బల్ల దగ్గర పందొమ్మిదేళ్ల కిన్సీ వణికిపోతోంది.

"మిస్ వెల్డా, మీ చెయ్యి కదలనైనా కదలట్లేదేంటండీ! నన్ను చూసి ఈ బ్యూరెట్టు నవ్వుతోంది."

"పదహారేళ్లుగా చుక్కలు లెక్కపెట్టడమేనమ్మా నా పని."

ఆ పదహారేళ్లే కొంప ముంచాయి. వార్డులో బీపీ స్పష్టంగా లేచేదాకా మందు పెంచుతూ పోవాలి. లేత గులాబీని ఆమె నమ్మలేదు, ఇంకాస్త వదిలింది. ఫ్లాస్కు ముదురు రంగుకు తిరిగింది. ఇరవై ఏడు పాయింట్ నాలుగు. తెలివైంది కాబట్టి వెంటనే దిద్దుకుంది. తర్వాత రెండుసార్లూ ఇరవై నాలుగు పాయింట్ ఒకటే వచ్చింది.

కిన్సీ తన మొదటి కొలతను సింకులో ఒంపేసి మరిచిపోయింది. వెల్డా మూడూ రాసి, మూడింటికీ సగటు కట్టింది. ఒంట్లోకి వెళ్లిన మందును వెళ్లలేదని రాయడం ఆమె ఎరగదు. వార్డులో తప్పు రాసినా ఒక్క గీతే కొట్టాలి, పక్కన పొడి అక్షరాలు వేయాలి, గీత కింద ఉన్న మాట మాత్రం చదివేలా ఉండాలి.

వారం తర్వాత కెమిస్ట్రీ చెప్పే ప్రూయిట్ సార్ పిలిచాడు. వయసులో ఆమెకంటే పదేళ్లు చిన్న.

"ఈ ఇరవై ఏడు ఎందుకు కలిపారండీ?"

"పోశాను కద సార్. పోసింది రాయాలి కదా."

"మొదటిది ఊరికే అంచనాకండీ. అందరూ తీసేస్తారు. మొదటి రోజే చెప్పానే!"

"మొదటి రోజు నేను రాలేదు సార్."

అతను తల పట్టుకున్నాడు. "మీకు వచ్చని నాకు తెలుసు. కానీ మీకో రూలు, కిన్సీకో రూలు పెట్టలేను. కోర్సు మొత్తానికి మీకు డెబ్బై తొమ్మిది వచ్చాయి. ఎనభై ఉంటేనే బి."

మత్తు నర్సు కాలేజీకి ఫోను చేస్తే ఒక తీయని గొంతు వచ్చే ఏడాది ప్రయత్నించమంది. అప్పటికి శరీరధర్మశాస్త్రం చెల్లదు. అది చదివేలోపు ఇంకేదో పాతబడుతుంది. ఇక తనవల్ల కాదని వెల్డాకు అర్థమైంది. కారులో కూర్చుని స్టీరింగు మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. చెయ్యని తప్పుకు ఏడ్చినా ఓదార్పుండేది. ఇది నిజాయితీగా చేసిన తప్పు.

ఇంటికొచ్చి, ఫ్రిజ్ మీది తెల్ల పలక ముందు నిలబడింది. 'మత్తు నర్సు దరఖాస్తు' అని ఆగస్టులో రాసుకుంది. దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేసింది. ఆర్లిస్ తడిగుడ్డ తెచ్చాడు.

"గీతెందుకే, తుడిచేస్తే పోతుందిగా?"

"తుడవకూడదు ఆర్లిస్. రాసింది కనబడాలి."

మర్నాడు పొద్దున్నే నాలుగో గదిలో ఒక పెద్దావిడకు ఊపిరి అందలేదు. వెల్డా ఆవిడ చెయ్యి పట్టుకుని, ఫోను చేసి, గుమ్మం వైపు చూస్తూ నిలబడింది.