పంచామృతం తాగిన తాళాలు

ఆ రోజుల్లో, అంటే యుద్ధం ముగిసినా బొగ్గు బస్సులు ఇంకా రోడ్ల మీద దగ్గుతూ తిరుగుతున్న రోజుల్లో, మా విజయనగరం వైపు తాళమన్నది పెద్దరికానికి గుర్తే తప్ప అవసరం కాదు. చాలామంది తలుపుకి గొళ్ళెం పెట్టి, దాంట్లో ఓ పుల్ల దోపి నిశ్చింతగా ఊరెళ్ళిపోయేవారు. ఆ పుల్లని చూసి కుక్కలు కూడా మర్యాదగా వెనక్కి తిరిగేవి. అలాంటి చోట తాళాలు బాగుచేసుకుని బతుకుదామనుకున్న మా మావది ఎంత ధైర్యమో, ఆ మావ దగ్గర పని నేర్చుకుని, ఆయన కూతుర్నే చేసుకుని, వేరే కొట్టు పెట్టేసి సుఖపడిపోదామనుకున్న నాది ఎంత తెలివో మీరే చూసుకోండి. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వడం అయిపోయాక మాత్రం కాసేపు ఏమీ తోచదు.

మావంటే మా అమ్మకి స్వయానా తమ్ముడు. బజారులో చిన్న కొట్టు, వెనకాల ఇల్లు, రెండింటికీ మధ్య ఓ కొలిమి. మాట పొదుపు మనిషి. నాకు పిల్లనిస్తానని ఆయన ఎన్నడూ అనలేదు, ఇవ్వనని కూడా అనలేదు. ఆ మాట్లాడే బాధ్యతంతా మా అత్త తీసుకుంది. "నీకేటి తక్కువరా, బంగారంలాటోడివి. గానీ నీ పేరున ఓ కొట్టుండాల. మావ కొట్లో కూకుని మావ కూతుర్ని ఏలుకుంటానంటే మాత్రం నానొల్లను" అని నా మొహం మీదే చెప్పేసింది. ఆ మాటన్నప్పుడు మావ కూతురు తలుపు వెనకాల ఉంది. (ఉందని నాకెలా తెలుసంటే, గాజులు చప్పుడు కాకుండా పట్టుకోవడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.) ఇక అప్పట్నుంచీ నా ధ్యాసంతా కొట్టు మీదే.

అలా ఉండగా రాజాం నుంచి బెల్లం షావుకారు ఓ గోనెసంచి మోయించుకుని మా కొట్టుకొచ్చాడు. మిలిటరీ వాళ్ళు వదిలేసి వెళ్ళిన సామాను విశాఖపట్నంలో వేలం వేస్తుంటే, ఇత్తడి కదా, ఎక్కడికి పోతుందని ఓ సంచెడు తాళంకప్పలు పాడేసుకున్నాడట. తీరా చూస్తే వాటి తీరు ఎవరికీ అంతుపట్టలేదు. "సూడు, ఈ కప్పలకి మామూలు సెవులు కాక ఇంకో సెవుంది. అది పెట్టి తిప్పితే తాళం తెరుసుకోదు, దాని కడుపులోదంతా బయటికొచ్చీస్తాది! ఇదేటి మాయో సెప్పీ" అన్నాడు. మావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా ఒళ్ళో పడేసి, "నువ్వు సూడు" అన్నాడు. అంతే. నా చదువు అలా మొదలైంది.

మామూలు తాళం పాడైతే తాళం మొత్తం ఊడదీసుకోవాలి. ఈ తాళం అలా కాదు. పైన ఉన్నది ఉత్త గుల్ల. అసలు పనంతా లోపల వేలెడంత ఇత్తడి ముక్కలో ఉంటుంది. దానికి నేను గుండె అని పేరు పెట్టుకున్నాను. ఆ ప్రత్యేకమైన తాళంచెవి పెట్టి కొంచెం తిప్పితే గుండె చేతిలోకి వచ్చేస్తుంది. దాని స్థానంలో ఇంకో గుండె పెడితే తాళం అదే గానీ పాత తాళంచెవి ఇక పనికిరాదు. అలా ఏ తాళం గుండెనైనా తీసిపెట్టగలిగేది ఆ ఒక్క తాళంచెవే కాబట్టి దాన్ని పెత్తనం చెవి అన్నాను. సంచి మొత్తానికి ఒక్కటంటే ఒక్కటే ఉంది. అలాంటిదే ఇంకోటి చేద్దామని మావ ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు గానీ, దాని గాడి మన దేశపు గాడి కాదు, కుదరలేదు.

గుండెని విప్పిన మొదటిరోజు కథ చెప్పాలి. లోపల సన్నటి పిన్నులూ, వాటి మీద తలవెంట్రుకలాంటి స్ప్రింగులూ ఉంటాయని నాకేం తెలుసు? మూత తీయగానే అన్నీ ఒక్కసారిగా ఎగిరి కొలిమి బూడిదలో పడ్డాయి. మావ చూసి, బీడీ ముట్టించుకుని బయటికెళ్ళిపోయాడు. (ఆయన తిట్టుంటే బాగుండేది.) మావ కూతురు మాత్రం ఇంట్లోంచి పిండి జల్లెడ తెచ్చి బూడిదంతా జల్లించి, పిన్నులు ఒక్కొక్కటే ఏరి నా అరచేతిలో పెట్టింది. "బావా, నువ్వు తాళాలు బాగుసేసీలోగా మా ఇంట్లో రొట్టెలన్నీ ఇనప రొట్టెలైపోతాయి" అంది. ఆ తర్వాత చాలా రోజులు పిన్నులు బూడిదలో పడుతూనే ఉన్నాయి. అన్నీ పొరపాటునే పడ్డాయని నేనిప్పుడు ప్రమాణం చేయలేను.

మొత్తానికి పని పట్టుబడింది. కళ్ళు మూసుకుని గుండె తీసి గుండె పెట్టగలిగేవాణ్ణి. షావుకారు ఆనందానికి అంతులేదు. ఆయన బాధ ఆయనది: గుమస్తాలు పని మానేసినప్పుడల్లా ఎవడెవడి దగ్గర ఏ గోదాము తాళంచెవి ఉండిపోయిందోనని ఆయనకి నిద్ర పట్టేది కాదు. "ఇక గుమస్తా ఎలిపోతే గుండె మార్సీడమే!" అని పొంగిపోయి, గోదాములకీ, కొట్టుకీ, ఇంట్లో వంటగది పక్కనున్న సామాన్ల గదికీ ఆ తాళాలే వేయించాడు. రాజాంలో తన కొట్టు ముందరి అరుగు నాకిస్తానన్నాడు. "దసరా ఎల్లగానే నీ కొట్టెట్టుకో. మీ మావనీ, అత్తనీ పండక్కి తీసుకురా, సోటు సూసుకుంటారు" అన్నాడు. మా అత్త ఆ మాట విని, నన్ను మొట్టమొదటిసారి 'బాబూ' అని పిలిచింది. ముహూర్తాల మాట కూడా ఎత్తింది. మావ కూతురు గాజుల చప్పుడు ఆ రోజు దాచుకోలేదు.

దసరాకి నేను ఒకరోజు ముందుగానే రాజాం చేరాను. షావుకారు తల్లిని అందరూ మామ్మగారనేవారు. ఇంటికి ఆవిడే పెద్ద దిక్కు, షావుకారు కూడా ఆవిడ ముందు కండువా తీసి నిలబడేవాడు. పండగనాడు పొద్దున్నే ఆవిడ కలశం ముందు తక్కెడా, తూకపు రాళ్ళూ, కుంచాలూ వరసగా పెట్టి, "ఒరే, మన సొమ్ము కాసీవి తాళాలు కాదేటి? వాటికి పూజ వద్దేటి?" అంది. ఇల్లంతా చుట్టాలు. వంటలు తెల్లవారుజామునే అయిపోయి బూరెలూ, గారెలూ, పులిహోరా, పప్పూ అన్నీ సామాన్ల గదిలో భద్రంగా ఉన్నాయి, పిల్లలు ఎంగిలి చేయకుండా. తలుపులు బార్లా తెరిచిపెట్టి తాళాలు తేవడం ఎలాగని షావుకారు తల గోక్కుంటున్నాడు. అప్పుడు నేను ముందుకొచ్చాను. "మామ్మగోరూ, తాళం తలుపుకే ఉంటాది. గుండె ఒక్కటీ తీసి తెచ్చీస్తాను" అన్నాను. చుట్టాలంతా నా వైపు చూశారు. జీవితంలో అంతమంది ఒకేసారి నావైపు చూడటం అదే మొదలు.

గుండెలన్నీ వెండి పళ్ళెంలో వరసగా పేర్చాను. ఏదో కాస్త బొట్టు పెడుతుందనుకున్నాను. మామ్మగారి భక్తి బొట్టుతో ఆగేది కాదు. పసుపు ముద్ద చేసి తాళంచెవి దూరే కన్నంలో కూరింది. దాని మీద పంచామృతంతో అభిషేకం చేసింది: పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార, ఒక్కోదానికీ ఒక్కో ఉద్ధరిణెడు. లోపల పిన్నులున్నాయి, వద్దనే మాట నా నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ నా తల మీద అక్షింతలు వేసి, "నీ పెళ్ళికి పట్టుపంచె నానెడతానురా నాయనా" అంది. ఇక నోరెక్కడ పెగులుతుంది? గుండెలు పైపైన తుడిచి, తీసుకెళ్ళి దేని తాళంలో దాన్ని పెట్టేశాను. తడి మీద అన్నీ నునుపుగా వెళ్ళిపోయాయి. తిరిగొచ్చాక మామ్మగారు నా చేతిలోంచి పెత్తనం చెవి తీసుకుని, కళ్ళకద్దుకుని, కలశం కింది బియ్యంలో గుచ్చేసింది. ఆ ఇంటి ఆచారంలో ఉద్వాసన మర్నాడు ఉదయం. అప్పటిదాకా అమ్మవారి ముందు పెట్టిన వస్తువు కదపకూడదు.

మా మావా, అత్తా, కూతురూ బస్సు దిగి వచ్చేసరికి విస్తళ్ళు వేస్తున్నారు. అత్త అరుగు చూసుకుని, అక్కడ చీపురు పెట్టి తుడవడం కూడా మొదలెట్టింది. షావుకారు సామాన్ల గది తాళంచెవి నడుముకున్న మొలతాడుకే కట్టుకునేవాడు. వంగి తాళంలో పెట్టాడు. సగం వెళ్ళి ఆగిపోయింది. "ఏటిది?" అన్నాడు. నేను వెళ్ళాను. నాకూ సగమే వెళ్ళింది. ఆ గది గోడకి అవతలే పొయ్యిలు, తెల్లవారుజాము నిప్పులు ఇంకా ఆరలేదు. పొద్దుట్నుంచీ ఆ వేడికి తేనే, పంచదారా, పసుపూ కలిసి లోపల ఉండ కట్టేశాయి. నేను ఊదాను, తట్టాను, దణ్ణం పెట్టాను. వెనకాల ఖాళీ విస్తళ్ళ ముందు చుట్టాలు కూర్చుని ఉన్నారు. ఓ పిల్లాడు విస్తరిలో పోసుకున్న నీళ్ళతో ఆడుకుంటున్నాడు.

"కంగారేటి? పెత్తనం చెవి ఉన్నాది కాదా. గుండె పీకి పారేస్తాను" అన్నాను గట్టిగా, అందరికీ వినబడేలా. మామ్మగారు కలశానికి అడ్డంగా వచ్చి కూర్చుంది. "ఉద్వాసన కాకుండా తల్లి దగ్గరున్న దాన్ని తీస్తార్రా? నాను బతికుండగా?" అంది. షావుకారు బతిమాలాడు. కోడళ్ళు బతిమాలారు. పూజకొచ్చిన పురోహితుడు చాలాసేపు శాస్త్రం వైపే ఉన్నాడు గానీ, పొద్దు నడినెత్తి దాటి పక్కకి వాలేసరికి ఆయనక్కూడా గారెలు గుర్తొచ్చినట్టున్నాయి. "అతిథులు పస్తుంటే అదీ దోషమేనమ్మా. ఇప్పుడే ఉద్వాసన చెప్పేస్తాను" అన్నాడు. మామ్మగారు నా మొహంలోకి చూసింది. "వస్తాదిరా? నిజంగా తెరుసుకుంటాదా?" అనడిగింది. "తెరుసుకుంటాది మామ్మగోరూ, నాను సెప్తన్నాను కదా" అన్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఎన్నడూ లేనిది, అమ్మవారిని ఒకపూట ముందుగా సాగనంపింది.

పెత్తనం చెవి పెట్టాను. అది కూడా సగం వెళ్ళి ఆగిపోయింది.

దాని పెత్తనం కూడా ఆ పిన్నుల మీదేనని, అవి లేచి దారిస్తేనే అది కూడా తిరిగేదని నాకప్పుడు వెలిగింది. గుండె తీయడం, పెట్టడం అన్నీ చేతులకి వచ్చాయి గానీ, ఈ ఓనమాలు మాత్రం బుర్రకి ఎక్కలేదు. మావ నన్ను పక్కకి జరిపి, తాళం కన్నం మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాడు. "తేనె" అన్నాడు. ఆ రోజంతటిలో ఆయన మాట్లాడింది అదే. తర్వాత తనే వెళ్ళి గునపం తెచ్చుకుని, గుమ్మంలోంచి గొళ్ళేన్నే పెకలించాడు. టేకు గుమ్మం నిలువునా చీలింది. తాళం మాత్రం గొళ్ళేనికి వేళ్ళాడుతూ, వేసింది వేసినట్టే ఉంది. ఎవరో నవ్వారు. మామ్మగారు నవ్వలేదు. పండగపూట గుమ్మం చీలడం, అమ్మవారు వేళకాని వేళ వెళ్ళిపోవడం. లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆవిడ భోజనానికి రాదని తెలిశాక, షావుకారు నా దగ్గరకొచ్చి నేలచూపులు చూస్తూ, "అరుగు సంగతి ఇప్పుడొద్దురా అబ్బీ. అమ్మ మనసు సూసేవు కదా" అన్నాడు. నిజంగా మంచి మనిషి. ఆ మాట చెప్పడానికి నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. నేను పెరట్లో బెల్లం కుండల చాటున చతికిలపడ్డాను. కాసేపటికి మావ కూతురు ఓ ఆకులో బూరెలూ, కాస్త పులిహోరా పెట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. "తిను బావా. పొద్దుటినుంచీ ఏటీ తినలేదంట" అంది. నేను తలెత్తలేదు. ఆకు నా ముందు పెట్టి అలాగే నిలబడింది. "తాళం పోనాది. నానేటి, పోనానా? తిను" అంది.

"నాకాకలి లేదు" అన్నాను.

ఇంకోసారి అడుగుతుందనుకున్నాను. ఆవిడ కూడా నేను ఇంకో మాటంటానని చూసినట్టుంది. అనలేదు. ఆకు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మావింట్లో నా మొహం నేను దాచుకుంటూ తిరిగాను. అత్త ముహూర్తాల మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ మాఘంలోనే మావ కూతురికి పాతపట్నం సంబంధం కుదిరింది. పెళ్ళిపందిట్లో తోరణాలు కట్టింది నేనే. మంచి కుర్రాడు, ఎలాంటి వంకా పెట్టడానికి లేదు, పెడదామని చాలానే ప్రయత్నించాను.

తర్వాత నాకూ కొట్టొచ్చింది, ఇల్లొచ్చింది, ఓ ఇల్లాలూ వచ్చింది. ఏ లోటూ లేదు. ఎన్నో తాళాలు తెరిచి ఉంటాను. ఆ అరుగు పోయినందుకు విచారం ఎప్పుడో తీరిపోయింది, ఆ తాళం సంగతి పిల్లలకి కథగా చెప్పి నవ్విస్తుంటాను. పెరట్లో ఆకలి లేదన్న ఆ రెండు మాటల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అబద్ధం కూడాను, అప్పుడు కడుపు మాడిపోతోంది. ఇప్పుడు నేను ముసలివాణ్ణి. ఆ పెరట్లో ముడుచుకు కూర్చున్న కుర్రాడు గనక ఎదురుపడితే, నెత్తి మీద ఓ మొట్టికాయ వేసి, "సిగ్గు తర్వాత పడొచ్చురా, పిల్ల నిలబడుంది, ముందు తిను" అందును. వాడు వినడనుకోండి. అయినా చెప్పి చూద్దును.