షాలిబండ ఢోలక్ పాటకు బొమ్మలు గీయబోయి

యుద్ధం రోజుల్లో ఫిలిం బంగారమై కూర్చుంది. సర్కారు కొలిచి ఇచ్చినంతలోనే పిక్చర్ పూర్తి కావాలి కాబట్టి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎటు చూస్తారో ప్రతి షాటూ ముందే కాగితం మీద గీసుకోనిదే మా డైరెక్టరుగారు కెమెరా మూత తీయనిచ్చేవారు కాదు. ఆ బొమ్మలు గీసేది నేను. మద్రాసులో మా స్టూడియోలో ఆ పనిచేసే ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందుకని బొమ్మలో తప్పుంటే అది ఆడవాళ్ళ గీత అయ్యేది, బాగుంటే డైరెక్టరుగారి ఊహ అయ్యేది. ఈ అన్యాయానికి అలవాటు పడ్డానని అందరూ అనుకున్నారు. నేను మాత్రం అలవాటు పడలేదు.

మా పిక్చర్‌లో హీరో స్నేహితుడి పెళ్ళి హైదరాబాదులో జరుగుతుంది. అక్కడి ముస్లిం ఇళ్ళలో పెళ్ళంటే జనానాలో, అంటే ఆడవాళ్ళ లోగిలిలో, ఢోలక్ చుట్టూ కూర్చుని మగపెళ్ళివారిని ఆడిపోసుకుంటూ పాటలు పాడతారు. మన పెళ్ళి బంతుల్లో వియ్యాలవారిని ఏడిపిస్తామే, అదే సరదా, కాకపోతే కారం కాస్త ఎక్కువ. ఆ పాటకు మొదటి బొమ్మ డైరెక్టరుగారే స్వయంగా గీశారు. హీరో జనానా తెర కొంచెం పక్కకు తీసి లోపలికి తొంగిచూస్తాడు. పాటంతా అతని కంటికి కనిపించేదే. ఆ ఒక్క బొమ్మ నా చేతిలో పెట్టి, అసలు మనుషుల్ని చూసి మిగతావి గీసుకు రమ్మన్నారు. పాడేవాళ్ళను మద్రాసు వచ్చి రికార్డింగు చేయడానికి ఒప్పించమని మా మేనేజరుగారిని కూడా పంపారు. తెర మీద కనిపించేది మా నటీమణులే, గొంతులు మాత్రం హైదరాబాదువి.

మీరూ ఈ దారిన వెళ్ళదలిస్తే, మద్రాసులో సాయంత్రం బండెక్కితే పొద్దునకు బెజవాడ చేరతారు. అక్కడ నిజాం రైలుకి మారితే దీపాలు పెట్టే వేళకు నాంపల్లి. స్టేషన్లో కరోడ్‌గిరీ వాళ్ళు, అంటే అక్కడి సుంకం అధికారులు, పెట్టెలన్నీ విప్పిస్తారు. నా డ్రాయింగు పలకను అటూ ఇటూ తిప్పి, దీనికి సుంకం వేయాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. మన రూపాయిని అక్కడ కల్దార్ అంటారు. వాళ్ళది హాలీ రూపాయి. మనది ఇస్తే కొంచెం పైన తిరిగి రావాలి, అడగకపోతే రాదు, కాబట్టి అడగండి. మేనేజరుగారు నయాపూల్ దగ్గర లాడ్జిలో దిగారు. నేను మాదన్నపేటలో మా పిన్ని ఇంటికి వెళ్ళాను. పాడేవాళ్ళ పెద్ద చాంద్‌బీని మాట్లాడిపెట్టింది పిన్నే. హిందువుల పెళ్ళిళ్ళకూ ముస్లింల పెళ్ళిళ్ళకూ చాంద్‌బీ బృందమే కావాలని ఆ చుట్టుపక్కల పట్టుబడతారట.

మర్నాడు ఎనిమిదింటికి పిన్ని తెలిసిన జట్కా మాట్లాడింది. రోజంతా తిప్పడానికి రెండు హాలీ రూపాయలు, గుర్రానికి గడ్డి అదనం. తోలేవాడు మల్లేశం. నేను ఎక్కగానే అడగకుండానే నాలుగు వైపులా తెరలు దించేశాడు. చూడ్డానికి వచ్చినదాన్ని మూటలా కట్టేస్తే ఎలా అని తెర ఎత్తాను. అతను దించాడు. మళ్ళీ ఎత్తాను.

"జనానా సవారీ అంటే పర్దా ఉండాల్నమ్మా. లేకుంటే నన్నే ఆపి అడుగుతరు. గట్లయితే ఎనుక దిక్కు జరంత పైకి కడ్త, ముందట ఉండనియ్యుండ్రి" అన్నాడు.

అలా ఊరంతా నాకు వెనక్కి వెళ్ళిపోతూనే కనిపించింది. నయాపూల్ మీద మేనేజరుగారిని ఎక్కించుకున్నాం, ఆయన ముందు మల్లేశం పక్కన కూర్చున్నారు. పత్తర్‌గట్టి రాతి దుకాణాలు, గుల్జార్ హౌజ్ దగ్గర అత్తరు వాసన, చార్మినార్ కింద ఒంటెద్దు బండ్ల లొల్లి దాటుకుని షాలిబండ చేరేసరికి తొమ్మిది దాటింది. నయాపూల్ నుంచి నడిచి వెళ్ళినా అర్ధగంటకు మించి పట్టదు. బూట్లు కొత్తవైతే మాత్రం నడవకండి. చాంద్‌బీ ఇంటి గుమ్మం దగ్గర మేనేజరుగారిని ఆపేశారు. మగవాళ్ళు లోపలికి రాకూడదన్నారు. ఆయన గొణుక్కుంటూ వీధి చివరి చాయ్ హోటలుకు వెళ్ళిపోయారు.

చాంద్‌బీకి యాభై దాటి ఉంటాయి. పొడవాటి మనిషి, నోట్లో పాన్, మణికట్టు నిండా లక్క గాజులు. ఆమె బృందంలో మరో ఐదుగురు. అందరూ చలికి అంగీఠీ, అంటే బొగ్గుల కుంపటి, చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నారు. మద్రాసు ప్రయాణమంటే వాళ్ళకు ఉత్సాహంగానే ఉంది. ఒకామె సముద్రం చూడొచ్చా అని అడిగింది. అప్పుడు నేను డైరెక్టరుగారి బొమ్మ తీసి చూపించాను. చాంద్‌బీ దాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ మర్ద్ ఎవరు?" అంది.

హీరో అన్నాను. ఇక్కడేం చేస్తున్నాడని అడిగింది. చూస్తున్నాడన్నాను. ఎవరిని అంది.

"ఇను బేటీ" అంది చాంద్‌బీ, గొంతు పెంచకుండానే. "ఏ ఇంటికి పోయినా ఆ ఇంటి ఆడోళ్ళు పర్దా ఎత్తి మమ్ముల లోపటికి పిలుస్తరు. గా భరోసా మీదనే మా పొయ్యి మండుతది. నా గొంతు షహర్ల అందరికీ ఎరుకే. నా పాట నడుస్తుంటే మర్ద్ తొంగిచూసిండని పిక్చర్ల చూపెట్టినంక, రేపటికెల్లి నన్ను ఏ జనానా పిలుస్తది?"

అది డైరెక్టరుగారి బొమ్మ, మిగతావి మాత్రమే నేను గీస్తానని చెప్పాను. ఆ మాట నాకే నచ్చలేదు.

"గీసే చెయ్యి ఆయనదా, నీదా?" అంది.

చలికి ఢోలక్ తోలు మెత్తబడింది. చాంద్‌బీ ఆ బొమ్మను రెండుగా మడిచి అంగీఠీలో వేసి, లేచిన మంట మీద ఢోలక్‌ను అటూ ఇటూ తిప్పి కాచింది. వేలితో తట్టి చూసింది. కాగితం మంచిదే, మంట మంచిగ వచ్చింది అంది. నిజం చెప్పొద్దూ, నాకు ముందు భయమేసింది. డైరెక్టరుగారు స్వహస్తాలతో గీసిన బొమ్మ అది, పోయిందంటే నా ఉద్యోగమూ దాని వెంటే. మరుక్షణం, ఇన్నేళ్ళుగా లోపల అణచుకున్న కోపమేదో కదిలి, పోతే పోయిందిలే అనిపించింది.

అయినా మద్రాసు వెళ్ళి వాదించాలంటే రుజువు కావాలి కదా. నా దగ్గర మధ్యలో కిటికీలా కత్తిరించిన అట్ట ఒకటి ఉంటుంది. అందులోంచి చూస్తే కెమెరాకు ఎంత కనిపిస్తుందో తెలుస్తుంది. దాన్ని పట్టుకుని హీరో నిలబడే చోటికి, గుమ్మంలో తెర వెనక్కి వెళ్ళాను. వాళ్ళను పాడమన్నాను. కన్ను పెట్టి చూస్తే రెండు వీపులు, ఒక జడ, సగం ఢోలక్. ఇంతేనా మా హీరో చూసేది అనుకున్నాను. ఇంకొంచెం కనిపిస్తుందేమోనని తెర కాస్త జరిపాను.

చాంద్‌బీ నన్ను చూసింది. ఢోలక్ మీద దరువు మారింది. ఆరుగురూ ఒక్కసారిగా నా వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ళ ఆనవాయితీలో పాట నడుస్తుండగా గడపలో ఎవరు నిలబడ్డా వాళ్ళు మగపెళ్ళివారే. ఇక తప్పించుకోవడం ఉండదు. "దూల్హే వాలే ఆయే, ఖాలీ థాలీ లాయే" అని చాంద్‌బీ ఎత్తుకుంది. పెళ్ళికొడుకు వాళ్ళొచ్చారు, ఖాళీ పళ్ళెం తెచ్చారు. మిగతావాళ్ళు తలా ఒక ముక్క అప్పటికప్పుడు కట్టి తగిలించారు. అద్దం కొనలేక అట్టకు చిల్లు పెట్టుకొచ్చారట. నా కళ్ళజోడుతో కలిపి నాలుగు కళ్ళున్నా పెళ్ళికూతురు కనిపించలేదట. పాల గిన్నె దగ్గర పిల్లిలా తెర వెనక నక్కారట. నేను నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నాను కానీ అట్ట మాత్రం కంటి ముందు నుంచి దించలేదు.

ఆ చిల్లులో ఆరు ముఖాలు, పన్నెండు చేతులు. అందరి చూపూ సూటిగా నా కంట్లోకే. సిగ్గుతో ముడుచుకున్న వీపు ఒక్కటి లేదు. ఎవరో దొంగతనంగా చూస్తే కనిపించేవాళ్ళు కారు వీళ్ళు, చూడవచ్చిన వాడినే నిలబెట్టి కడిగేసేవాళ్ళు. నాకు పాట దొరికింది. హీరో అక్కర్లేదు. కెమెరానే గడపలో పెట్టాలి, అదే మగపెళ్ళివారు. వీళ్ళు దాన్నే చూస్తూ తిట్టాలి. కెమెరాలోకి చూడకూడదన్నది మా స్టూడియోలో మొదటి పాఠం. పొరపాటున చూసిన అమ్మాయిలను డైరెక్టరుగారు ఏడిపించి మరీ పంపేవారు. సరిగ్గా అందుకే నాకు ఇంకా నచ్చింది.

మధ్యాహ్నం దాకా గీశాను. మధ్యలో ఖిచిడీ, ఖట్టా పెట్టారు. ఆ చింతపండు పులుసు రుచి నా నాలుకకు ఇంకా గుర్తుంది, వెళ్ళినవాళ్ళు అడిగి మరీ తినండి. గీసిన ప్రతి బొమ్మనూ చాంద్‌బీ పట్టి చూసింది. ఒకదాంట్లో నేను కళ్ళు దించి గీస్తే వెనక్కి ఇచ్చేసింది. తిట్టేటప్పుడు కిందికెందుకు చూస్తామని అడిగింది. చివరకు, "దొంగచూపు లేదు. గిట్ల తీస్తే వస్త. మార్చిన్రంటే రైలు ఎక్కనే ఎక్క" అని తేల్చేసింది.

హోటల్లో మేనేజరుగారు ఎన్నో చాయ్‌లు తాగి చిరాకుగా ఉన్నారు. నా బొమ్మలు తిరగేసి, డైరెక్టరుగారిది ఏదమ్మా అన్నారు. ఢోలక్ కాచుకోవడానికి పనికొచ్చిందని చెప్పాను. ఆయన సాసర్ కింద పెట్టేశారు. ఇలాంటి పొగరుతో స్టూడియోలో ఎన్నాళ్ళుంటావు, ఆ ఆడవాళ్ళకేం తెలుసు, నాలుగు డబ్బులెక్కువిస్తే వాళ్ళే వస్తారు, అని వరస పెట్టారు.

"ఉద్యోగం నాదండీ, గొంతు ఆవిడది. నా ఉద్యోగం నిలుపుకోడానికి ఆవిడ గొంతు ఎత్తి ఇవ్వలేను" అన్నాను. నాంపల్లి స్టేషను దాకా ఆయన నాకు వీపు తిప్పే కూర్చున్నారు. హోటలు గుమ్మంలో మా మాటలన్నీ విన్న మల్లేశం మాత్రం సాయంత్రం తెరలన్నీ తనే పైకి కట్టాడు, ఎందుకో అడగలేదు నేను.

మద్రాసులో డైరెక్టరుగారు బొమ్మలు బల్ల మీద వరసగా పరిచి చూశారు. హీరో ఎక్కడున్నాడని అడిగారు.

"మీరు కూర్చున్న చోటే ఉన్నాడండీ. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ మగపెళ్ళివాడే" అన్నాను.

కెమెరాలోకి చూస్తే జనం నవ్వుతారన్నారు. నవ్వించడానికే కదా పాడుతున్నారని అన్నాను. ఆ రోజే బొమ్మల పని ఇంకొకరికి అప్పగించి, తొంగిచూసే హీరోను మళ్ళీ గీయించారు. మద్రాసు గాయనులతో పాట రికార్డు చేయించారు. వాళ్ళు ఎంతో మర్యాదస్తులు. ఆ తిట్లు వాళ్ళ నోట మంగళహారతిలా వినిపించాయి. ఇంకో రెండుసార్లు ప్రయత్నించి, ఫిలిం లెక్కా చూసుకుని, డైరెక్టరుగారు చాంద్‌బీ గొంతు కోసం పళ్ళు కొరుకుతూ నా బొమ్మలే తెప్పించారు. టైటిల్సులో మాత్రం నీ పేరుండదన్నారు. సరే అన్నాను. చాంద్‌బీ ఐదుగురినీ వెంటేసుకుని వచ్చింది, రికార్డింగుకు ముందు బొమ్మలన్నీ మళ్ళీ ఒకసారి చూసుకుంది, ఆ తర్వాతే ఢోలక్ ముట్టుకుంది.

పిక్చర్ విడుదలయ్యాక నేను మళ్ళీ హైదరాబాదు వెళ్ళాను. అక్కడి టాకీసుల్లో ఆడవాళ్ళకు వేరే వరసలుంటాయి, మగవాళ్ళకు కనిపించకుండా మధ్యలో తెర. అందులో చాంద్‌బీ పక్కన కూర్చున్నాను. పాట వచ్చింది. తెర మీద ఆరుగురూ మా వైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టారు. ఇంతలో వెనక వరసలోంచి ఒక ముసలావిడ, మగపెళ్ళివారి తరఫున, అదే దరువులో జవాబు ఎత్తుకుంది. పక్కనున్నామె అందుకుంది. ఆ తర్వాత జనానా మొత్తం. తెర మీది వాళ్ళు ఒకటంటే వీళ్ళు రెండు తగిలించారు. తెర అవతల మగవాళ్ళకు, పాపం, ఎటు చూడాలో తెలిసి ఉండదు. చాంద్‌బీ చేతులు కట్టుకుని విన్నది. "మస్తు తిడ్తున్నరు" అంది తృప్తిగా. బయటికి వచ్చే లోపు ముగ్గురు ఆమెను తమ ఇళ్ళ పెళ్ళిళ్ళకు పిలిచారు.

ఊళ్ళు తిరిగేవాళ్ళం చూడ్డానికే వెళుతున్నామని అనుకుంటాం. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నాం కాబట్టి తెరలన్నీ మన కోసం పక్కకు జరగాలని కూడా అనుకుంటాం. షాలిబండలో ఆ ఆరుగురు నా కళ్ళలోకే తిరిగి చూశారు, నా ముఖం మీదే తిట్టారు, ఆ తర్వాత అన్నం పెట్టారు. నా పేరు ఏ తెర మీదా లేకపోయినా, ఆ పాట ఎవరిదో షహర్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. నాకది చాలు అని అబద్ధం చెప్పను. నా పేరు కూడా ఉండాల్సిందే, వచ్చే పిక్చరుకు దాని కోసమే కొట్లాడుతున్నాను. అక్కడికి వెళ్ళే ఆడవాళ్ళకు ఒక్క సలహా. ఢోలక్ పాట వినాలంటే ఎవరైనా పిలిస్తేనే వెళ్ళండి, తెర వెనక నిలబడకుండా సరాసరి గడప దాటండి. అందరూ మీ మీదికి తిరిగి పాట అందుకుంటే నొచ్చుకోవద్దు, తల దించవద్దు. రైల్లోనే ఒక మంచి జవాబు కట్టుకుని వెళ్ళండి, లేకపోతే మీ ఊరి పరువు పోతుంది.